నమ్మకాన్ని కొలిచే సర్వేలు: గాలప్, ప్యూ, మిషిగన్‌లలో ఏది దేనికి పనికొస్తుంది?

ప్రభుత్వం గురించి, ఆర్థిక వ్యవస్థ గురించి, కోర్టులు, బ్యాంకులు, పత్రికల వంటి పెద్ద వ్యవస్థల గురించి అమెరికా జనం ఏమనుకుంటున్నారో చెప్పే సర్వేలు చాలా ఉన్నాయి. వాటిలో నిలకడగా వాడదగ్గవి ఐదు: సర్వే కంపెనీ గాలప్, ప్యూ రిసెర్చ్ సెంటర్, మిషిగన్ యూనివర్సిటీ వినియోగదారుల సర్వే, జనరల్ సోషల్ సర్వే, వ్యాపార పరిశోధనా సంస్థ కాన్ఫరెన్స్ బోర్డు ఇచ్చే వినియోగదారుల విశ్వాస సూచీ. వీటి అంకెలను పత్రికలు, పార్టీలు, మదుపరులతో పాటు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కూడా చూస్తుంది. ఇక్కడ వాటిని సేవలుగానే తీసుకుని, ఏది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నది చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తాను. దశాబ్దాల ధోరణి కావాలంటే గాలప్. మొత్తం వివరాలు తెరిచి చూసుకోవాలంటే ప్యూ. ధరల మీద, సొంత ఆదాయం మీద జనానికున్న గుబులు తెలియాలంటే మిషిగన్. ఒక్క నెల అంకెను పట్టుకుని వాదించడానికి మాత్రం వీటిలో ఏదీ పనికిరాదు.

గాలప్ నుంచి మొదలుపెడదాం. "వ్యవస్థలపై విశ్వాసం" అన్న వరుస 1973లో మొదలైంది. 1993 నుంచి ఏటా, సాధారణంగా జూన్ నెలలో, సుమారు వెయ్యి మంది వయోజనులకు ఫోన్ చేసి అడుగుతూ వచ్చారు. సైన్యం, చిన్న వ్యాపారాలు, పోలీసులు, చర్చి, సుప్రీంకోర్టు, బ్యాంకులు, ప్రభుత్వ బడులు, వార్తాపత్రికలు, టీవీ వార్తలు, అధ్యక్ష పదవి, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు)... ఇలా ఒక్కొక్క పేరూ చదివి, దాని మీద మీకెంత విశ్వాసముందో చెప్పమంటారు. వినిపించే జవాబులు నాలుగు: చాలా ఎక్కువ, బాగానే ఉంది, కొంత ఉంది, చాలా తక్కువ. "అసలు లేదు" అన్నది చదివి వినిపించరు, ఎవరైనా తమంతట తాముగా అంటే రాసుకుంటారు.

వార్తల్లో కనిపించే శాతం మొదటి రెండు జవాబుల మొత్తం. గాలప్ అంకెలను వాడేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2022లో కాంగ్రెస్‌కు 7 శాతం వచ్చింది. అలాగని మిగతా 93 శాతం మంది కాంగ్రెస్‌ను బొత్తిగా నమ్మడం లేదని కాదు, "కొంత ఉంది" అన్నవాళ్లంతా ఆ 93లోనే ఉన్నారు. గాలప్ తన పట్టికల్లో నాలుగు జవాబులూ విడివిడిగా ఇస్తుంది కాబట్టి ఆ పట్టిక తెరవకుండా శీర్షికను మాత్రమే ఎత్తి రాయడం చదువరికి అన్యాయం చేయడమే. "కొంత" నుంచి "చాలా తక్కువ"కి జనం జారిపోతున్నారా, లేక "బాగానే" నుంచి "కొంత"కి జారుతున్నారా అన్నది వేర్వేరు సంగతులు. మొదటిది జరిగితే శీర్షికలోని అంకె కదలనే కదలదు.

రెండో జాగ్రత్త సగటు గురించి. ఏటా అడిగే 14 వ్యవస్థల సగటు విశ్వాసం 2023లో 26 శాతానికి పడింది. 1979లో సగటు 48 శాతం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలామంది రాస్తుంటారు. కానీ 1979 నాటి జాబితా ఇంతకంటే చిన్నది, పోలీసులు, టీవీ వార్తలు 1993లో గానీ చేరలేదు. దిగజారడం నిజమే, అందులో అనుమానం లేదు. అయితే అది ఎంత అన్నది చెప్పాలంటే ఒక్కో వ్యవస్థనూ విడిగా పట్టుకోవాలి. బ్యాంకులను తీసుకుంటే 1979లో 60 శాతం, 2012లో 21 శాతం. ఇది ఒకే వ్యవస్థ, ఒకే ప్రశ్న, ఒకే జవాబుల వరుస కాబట్టి ఈ పోలిక నిలబడుతుంది.

మూడోది, సర్వే జరిగిన తేదీలు. సుప్రీంకోర్టు మీద విశ్వాసం 2021లో 36 శాతం ఉండి 2022లో 25 శాతానికి పడింది. గర్భస్రావ హక్కును కొట్టివేసిన డాబ్స్ తీర్పు ప్రభావం అది అని ఇప్పటికీ రాస్తున్నారు. ఆ సర్వే జూన్ 1 నుంచి 20 దాకా జరిగింది. తీర్పు వచ్చింది జూన్ 24న. తీర్పు ముసాయిదా మే నెల మొదట్లోనే బయటికి పొక్కింది కాబట్టి దాని ప్రభావం ఉండి ఉండవచ్చు, తీర్పు ప్రభావం అనడానికి మాత్రం వీల్లేదు. ఫలితం వెలువడిన తేదీ వేరు, జనాన్ని అడిగిన తేదీలు వేరు. ఈ రెండోది ప్రతి నివేదిక అడుగున ఉంటుంది, అక్కడిదాకా వెళ్లి చూడాలి.

గాలప్‌లో నచ్చనిది, ముడి డేటా సులువుగా దొరకకపోవడం. నివేదికలు, ధోరణుల పట్టికలు ఉచితమే. ప్రతి వ్యక్తి జవాబూ కావాలంటే గాలప్ చందాదారు కావాలి, లేదా కార్నెల్ యూనివర్సిటీలోని రోపర్ సెంటర్ భాండాగారానికి సభ్యత్వం ఉన్న విద్యాసంస్థ ద్వారా వెళ్లాలి.

ఈ లోటును జనరల్ సోషల్ సర్వే తీరుస్తుంది. చికాగోలోని పరిశోధనా సంస్థ ఎన్‌ఓఆర్‌సీ 1972 నుంచి నడుపుతున్న సర్వే ఇది. 1994 నుంచి రెండేళ్లకోసారి జరుగుతోంది, మొదటి ఏడాది నుంచి ఉన్న మొత్తం డేటా ఎవరికైనా ఉచితం. ఇక్కడా వ్యవస్థలపై విశ్వాసం అడుగుతారు, కానీ అడిగే తీరు వేరు. గాలప్ అడిగేది వ్యవస్థ గురించి, ఇక్కడ అడిగేది ఆ వ్యవస్థను నడిపే మనుషుల గురించి. జవాబులు కూడా మూడే: చాలా, కొంత మాత్రమే, దాదాపు లేదు. కోర్టు అంటే గౌరవం ఉండి న్యాయమూర్తుల మీద నమ్మకం లేనివాళ్లు ఈ రెండు సర్వేల్లో రెండు వేర్వేరు గడుల్లో పడతారు. కాబట్టి ఒకదాని శాతాన్ని ఇంకోదాని పక్కన పెట్టి "పెరిగింది", "తగ్గింది" అనడం కుదరదు. ఇంకో హెచ్చరిక కూడా అవసరం. ఈ సర్వే దశాబ్దాల పాటు ఎక్కువగా ఇంటికి వెళ్లి ముఖాముఖిగా అడిగేది. కోవిడ్ వల్ల 2021లో ప్రధానంగా వెబ్‌కు మారింది. ఆ ఏడాది అంకెలను పాతవాటితో కలిపి గీత గీసేటప్పుడు జాగ్రత్తగా ఉండమని నిర్వాహకులే చెబుతున్నారు.

ప్యూ దగ్గరికి వస్తే, ప్రభుత్వంపై నమ్మకం విషయంలో దానికి సాటి లేదు. వాషింగ్టన్ ప్రభుత్వం సరైన పని చేస్తుందని మీరు ఎంత తరచుగా నమ్మగలరు అన్న ప్రశ్నను 1958లో జాతీయ ఎన్నికల అధ్యయనం మొదట అడిగింది. ఆ తర్వాత రకరకాల సంస్థలు అడిగిన అదే ప్రశ్నను ప్యూ ఒకచోట చేర్చి, విడి సర్వేలను చుక్కలుగా, చలన సగటును (వరుసగా వచ్చిన కొన్ని సర్వేల సగటును) గీతగా చూపిస్తుంది. "దాదాపు ఎప్పుడూ", "చాలాసార్లు" అన్న రెండు జవాబుల మొత్తం 1964లో 77 శాతం దాకా వెళ్లింది. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత మళ్లీ ఆ ఎత్తు చూడలేదు. 2024 వసంతంలో 22 శాతం, 2025 సెప్టెంబరులో 17 శాతం.

ఈ 22, 17 అన్న అంకెల కంటే వాటి లోపలి విభజన ఎక్కువ చెబుతుంది. 2024లో డెమొక్రాట్లలో 35 శాతం, రిపబ్లికన్లలో 11 శాతం ప్రభుత్వాన్ని నమ్ముతున్నామన్నారు. అధ్యక్ష పదవి డెమొక్రాట్ల నుంచి రిపబ్లికన్లకు మారాక 2025లో డెమొక్రాట్లలో 9, రిపబ్లికన్లలో 26. గద్దె మీద తమ పార్టీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి జవాబు తలకిందులవుతోంది. అందుకే మొత్తం శాతంలో చిన్న మార్పు కనిపించినప్పుడు దాని కింద రెండు పెద్ద మార్పులు ఎదురెదురుగా నడిచి ఒకదాన్నొకటి కొట్టేసి ఉండవచ్చు. పార్టీలవారీ పట్టిక చూడకుండా "ప్రజల నమ్మకం స్థిరంగా ఉంది" అని రాస్తే అది తప్పు వార్త.

ప్యూ పని తీరు బాగా నచ్చేది పారదర్శకతలో. ప్రతి నివేదికతో పాటు టాప్‌లైన్ అనే పత్రం ఇస్తారు. అందులో ప్రశ్న పూర్తి పాఠం, చదివి వినిపించిన జవాబులు, జవాబు చెప్పనివారి శాతం, గతంలో ఇదే ప్రశ్నకు వచ్చిన ఫలితాలు ఉంటాయి. ప్రశ్నల్లో కొన్ని సగం మందికే వేస్తారు, ఆ సంగతి కూడా అక్కడే రాసి ఉంటుంది. ఖాతా తెరిస్తే, కొంత కాలం గడిచాక, ముడి డేటా కూడా ఉచితంగా దించుకోవచ్చు.

వాళ్ల పద్ధతి మారిన తీరు కూడా తెలిసి ఉండాలి. ఫోన్ సర్వేలకు జవాబిచ్చేవారు ప్యూ లెక్కల్లోనే 1997లో 36 శాతం, 2018కి 6 శాతం. అంటే వంద నంబర్లకు ఆరుగురు. దాంతో 2014లో ఏర్పాటు చేసుకున్న శాశ్వత ప్యానెల్ (మళ్లీ మళ్లీ అడిగేందుకు చేర్చుకున్న సభ్యుల బృందం) మీదికి దాదాపు పూర్తిగా మళ్లారు. ఇంటి చిరునామాల జాబితా నుంచి యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, ఉత్తరం పంపి సభ్యులను చేర్చుకుంటారు. ఇంటర్నెట్ లేనివాళ్లకు టాబ్లెట్, కనెక్షన్ ఇచ్చారు. అవతల మనిషి గొంతు వినిపిస్తున్నప్పుడు జనం కాస్త మెత్తగా మాట్లాడతారు, తెర మీద ఒంటరిగా నొక్కేటప్పుడు మొహమాటం ఉండదు. అందుకని ఫోన్ కాలపు అంకెకూ వెబ్ కాలపు అంకెకూ మధ్య కొంత తేడా పద్ధతి వల్లే వస్తుంది.

శాశ్వత ప్యానెల్‌కూ, ఎవరైనా క్లిక్ చేసి చేరిపోయే ఆన్‌లైన్ సర్వేలకూ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. ప్యూ 2022లో అలాంటి చౌక ఆన్‌లైన్ శాంపిల్ మీద ఒక పరీక్ష పెట్టింది. అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు మీకుందా అని అడిగితే 30 ఏళ్లలోపు వాళ్లలో 12 శాతం ఉందన్నారు. ఏదో ఒకటి నొక్కేసి బహుమతి పాయింట్లు తీసుకునేవాళ్లు ఇందులో ఎంతమంది చేరతారో దీన్నిబట్టి తెలుస్తుంది. యువత గురించి ఒళ్లు జలదరించే సర్వే ఫలితం ఏదైనా కనిపిస్తే ముందు శాంపిల్ ఎలా తీశారో చూడాలి.

ఇక ఆర్థిక వ్యవస్థ. మిషిగన్ యూనివర్సిటీ సర్వేను 1946లో జార్జ్ కటోనా మొదలుపెట్టారు, 1978 నుంచి నెలనెలా వస్తోంది. సూచీ ఐదు ప్రశ్నల మీద నిలబడుతుంది: ఏడాది కిందటితో పోలిస్తే మీ ఇంటి ఆర్థిక పరిస్థితి ఎలా ఉంది, వచ్చే ఏడాదికి ఎలా ఉండవచ్చు, రాబోయే 12 నెలల్లో దేశంలో వ్యాపార పరిస్థితులు ఎలా ఉంటాయి, రాబోయే ఐదేళ్లు ఎలా ఉంటాయి, ఇంటికి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమా కాదా.

లెక్క తెలుసుకుంటే అంకె అర్థమవుతుంది. ప్రతి ప్రశ్నకూ అనుకూలంగా చెప్పినవారి శాతం లోంచి ప్రతికూలంగా చెప్పినవారి శాతం తీసేసి 100 కలుపుతారు. ఐదింటినీ కూడి 6.7558తో భాగించి, 2 కలుపుతారు. 6.7558 అన్నది 1966 నాటి ఆధార విలువ నుంచి వచ్చింది, ఆ 2 పాత శాంపిల్ పద్ధతి మారినందుకు చేసే సర్దుబాటు. ప్రతి ప్రశ్నకూ 30 శాతం బాగుందని, 45 శాతం బాగోలేదని అన్నారనుకుందాం. ఒక్కోదానికి 85, మొత్తం 425, సూచీ 64.9. బాగుందన్నవాళ్లు, బాగోలేదన్నవాళ్లు అన్ని ప్రశ్నల్లోనూ సమానమైతే? మొత్తం 500, సూచీ 76. అంటే మిషిగన్ సూచీలో అటూ ఇటూ కాని స్థానం 76 దగ్గర ఉంది, 100 దగ్గర కాదు. ఇది తెలియక "సూచీ 80కి పడిపోయింది, జనం నిరాశలో ఉన్నారు" అని రాస్తుంటారు. 80 దగ్గర ఆశాభావమే ఒక పిసరు ఎక్కువ.

ఈ లెక్కన చూస్తే 2022 జూన్‌లో నమోదైన 50, అప్పటిదాకా ఎన్నడూ లేని కనిష్ఠం, ఎంత లోతో తెలుస్తుంది. సగటున ఒక్కో ప్రశ్నకు ప్రతికూలులు అనుకూలుల కంటే 35 పాయింట్లు ఎక్కువ. ఆ నెల నిరుద్యోగం 3.6 శాతమే, ద్రవ్యోల్బణం 9.1 శాతం. అదే నెలలో కాన్ఫరెన్స్ బోర్డు సూచీ 98 దగ్గర ఉంది. రెండూ వినియోగదారుల విశ్వాసం పేరుతోనే వస్తాయి గానీ, కాన్ఫరెన్స్ బోర్డు అడిగేది వ్యాపార పరిస్థితులు, ఉద్యోగాలు, ఆరు నెలల్లో ఆదాయం గురించి. ఉద్యోగాలు పుష్కలంగా ఉండి ధరలు మండిపోతున్న రోజుల్లో ఈ రెండు సూచీలు చెరో దారి పడతాయి. ఏదో ఒకటి అబద్ధం చెబుతోందని కాదు, జనం జేబు ఒక మాట చెబుతోంది, జీతం ఇంకో మాట చెబుతోంది. ఉద్యోగ విపణి కోసమైతే కాన్ఫరెన్స్ బోర్డులో ఉద్యోగాలు పుష్కలం అన్నవారికీ, దొరకడం కష్టం అన్నవారికీ మధ్య తేడానే చూడండి, మొత్తం సూచీ కంటే అదే పనికొస్తుంది.

మిషిగన్ అంకె నెలకు రెండుసార్లు వస్తుంది: మధ్యలో ప్రాథమికం, చివర తుది. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. 2022 జూన్ ప్రాథమిక ఫలితంలో, ధరలు ముందుముందు ఎంత పెరుగుతాయని ఈ సర్వే అడిగితే జనం చెప్పిన దీర్ఘకాల ద్రవ్యోల్బణ అంచనా 3.3 శాతానికి ఎగబాకింది. అప్పటి ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు జెరోమ్ పావెల్ ఆ నెల 15న వడ్డీ రేటును 0.75 శాతం పెంచినప్పుడు ఆ పెరుగుదల తమ దృష్టిని బాగా ఆకర్షించిందని చెప్పారు. నెలాఖరు తుది ఫలితంలో అది 3.1కి తగ్గింది. తక్కువ మంది జవాబులతో వచ్చే ప్రాథమిక అంకె మీద ఇంత పెద్ద నిర్ణయంలో కొంత భాగమైనా ఆనడం కలవరపెట్టే సంగతి. ఈ అంకెకు మార్కెట్లో ఎంత గిరాకీ అంటే, అందరికంటే రెండు సెకన్ల ముందు దాన్ని అందుకోవడానికి వేగవంతమైన ట్రేడర్లు దాన్ని పంపిణీ చేసే థామ్సన్ రాయిటర్స్ కంపెనీకి అదనంగా చెల్లించేవారు. న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు మొదలయ్యాక 2013 జూలైలో ఆ ఏర్పాటు ఆగిపోయింది.

మిషిగన్ కూడా 2024 ఏప్రిల్ నుంచి జూలై మధ్య ఫోన్ నుంచి వెబ్‌కు మారింది. ఆ నెలలకు అటూ ఇటూ ఉన్న అంకెలను ఒకే గీతగా చదివేవాళ్లు ఈ తేదీలను పటం మీద గుర్తు పెట్టుకోవాలి.

సూచీల మధ్య పోలికలో అసలు చిక్కు వాటి సున్నా ఎక్కడుంది అన్నదే. గాలప్ ఆర్థిక విశ్వాస సూచీ −100 నుంచి +100 దాకా ఉంటుంది, సున్నా తటస్థం. కాన్ఫరెన్స్ బోర్డులో 100 అంటే 1985 నాటి స్థాయి. మన రిజర్వ్ బ్యాంకు వినియోగదారుల విశ్వాస సర్వేలో 100 అంటే ఆశావహులూ నిరాశావహులూ సమానం, 2021 మే నెలలో ప్రస్తుత పరిస్థితి సూచీ 48.5కి పడిందంటే నిరాశావహులు 51.5 పాయింట్లు ఎక్కువ. రిజర్వ్ బ్యాంకు 48.5నీ మిషిగన్ 50నీ పక్కపక్కన పెట్టి రెండు దేశాల జనం ఒకేలా కుంగిపోయారనడం తప్పు. మిషిగన్ 50లో ఆ తేడా 35 మాత్రమే.

దేశాల మధ్య నమ్మకాన్ని పోల్చే సర్వేల్లోనూ ఇదే గొడవ. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 0 నుంచి 10 దాకా కొలబద్ద ఇచ్చి, 6 నుంచి పైకి నమ్మకం, 5 తటస్థం, 4 నుంచి కిందికి అపనమ్మకం అని లెక్క వేస్తుంది. 2023లో 30 దేశాల్లో చేసిన సర్వేలో జాతీయ ప్రభుత్వాన్ని నమ్మేవారు 39 శాతం, నమ్మనివారు 44 శాతం. ఎడెల్‌మన్ ట్రస్ట్ బారోమీటర్ 9 మెట్ల కొలబద్దలో పై నాలుగు మెట్లనూ నమ్మకం కింద వేస్తుంది. నాలుగింటిలో పై రెండే లెక్కించే గాలప్‌తో దీనికి పోలిక లేదు. ఎడెల్‌మన్ ఒక ప్రజాసంబంధాల కంపెనీ, ఆన్‌లైన్‌లో అడుగుతుంది. ఇంటర్నెట్ అందరికీ లేని దేశాల్లో దాని శాంపిల్ పట్టణాల చదువుకున్నవారి వైపు మొగ్గుతుంది. ప్రభుత్వాన్ని విమర్శిస్తే చిక్కులొచ్చే దేశాల్లో వచ్చే ఎత్తైన అంకెలను చూసి అక్కడి ప్రభుత్వాలకు మెచ్చుకోలు రాయడం బాధ్యతారాహిత్యం. ఈ సేవను దేశాల ర్యాంకుల కోసం నేను సిఫారసు చేయను. వరల్డ్ వాల్యూస్ సర్వే ఇంతకంటే చాలా మెరుగు, 1981 నుంచి ఉంది, డేటా అంతా ఉచితం. ఒక్కో విడతకూ ఏళ్లు పడుతుంది కాబట్టి తాజా పరిస్థితికి పనికిరాదు.

పొరపాటు హద్దుల (శాంపిల్ వల్ల అంకె అటూ ఇటూ ఎంత ఊగవచ్చన్న దాని) విషయానికొస్తే, వెయ్యి మంది శాంపిల్‌కు పాఠ్యపుస్తకం లెక్క ±3.1. శాంపిల్ జనాభాకు సరిపోయేలా జవాబులకు వెయిటేజీ ఇచ్చాక గాలప్ ±4 అని చెబుతుంది. అది ఒక్క సర్వేకు. రెండు సర్వేల మధ్య మార్పుకైతే దాన్ని 1.4తో హెచ్చించాలి, అంటే సుమారు 5.6. నిరుటి 31, ఈ ఏటి 34 అంటే పెరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. పార్టీలవారీగా, వయసులవారీగా చీల్చితే ఒక్కో గుంపులో 300 మంది మిగులుతారు, అప్పుడు హద్దు ±7 దాటుతుంది. అంకె 50కి దూరంగా ఉన్నప్పుడు హద్దు చిన్నదవుతుంది, కాంగ్రెస్ లాంటి 7, 8 శాతాల దగ్గర ±2 చాలు. అయినా 7 నుంచి 8కి పెరగడం మార్పు కిందికి రాదు.

ముడి డేటా దించుకునేవాళ్లు చేయాల్సిన పని వరుస ఇది. ముందు ప్రశ్నపత్రం తెరిచి, మీకు కావలసిన ప్రశ్న అందరికీ వేశారా, సగం మందికేనా చూడాలి. తర్వాత "తెలియదు", "చెప్పను" అన్నవాటికి ఏ కోడ్ ఇచ్చారో గుర్తించాలి, తరచుగా అది 99. దాన్ని తీసేయకుండా సగటు కడితే ఫలితం చెడిపోతుంది. ప్యూ ఫైళ్లు ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఫార్మాట్‌లో వస్తాయి, ఆ సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు, ఉచితంగా దొరికే పీఎస్‌పీపీ తెరుస్తుంది. చివరగా వెయిట్ కాలమ్. దాన్ని వాడకపోతే జవాబిచ్చే ఓపిక ఎక్కువున్న చదువుకున్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు ఫలితాన్ని తమ వైపు లాగేస్తారు. వెయిట్ వేశాక మీ లెక్క టాప్‌లైన్‌లో ప్రచురించిన శాతంతో సరిపోవాలి. సరిపోకపోతే సాధారణంగా తప్పు కాలమ్ ఎంచుకున్నట్టు, లేదా 99లు లోపలే ఉండిపోయినట్టు.